జేబు కింది నీలం

ఫోటోలో మారెక్క సగమే ఉంది.

యూనిట్లో ఆయుధపూజ నాడు తీసిందది.
మిషన్లకు కుంకుమ బొట్లు, బంతిపూలు,
నడిమధ్యన ఓనరు, ఆయన బామ్మర్ది,
కొత్త చొక్కాలో కట్టింగ్ మాస్టర్ హొన్నూరప్ప,
నవ్వాలో వద్దో తెలీక మేం పద్నాలుగు మందిమి.
చివర్న, అంచు తెగిపోయిన కాడ,
ఒక కన్ను, అర ముక్కు, ఒక కమ్మ,
పొరక పట్టుకున్న చెయ్యి.

"నా బతుక్కి ఇదొక్కటే పోటో, మాబున్నీ,
పెద్దది చేయించియ్యే" అనింది.
స్టూడియో పిల్లోడు కంప్యూటర్లో పొడిచి పొడిచి చూసి
"లేనిదాన్ని పెద్దది చేయలేనక్కా" అన్నాడు.

రాయదుర్గంలో బట్టకేం కరువు,
కరువంతా నీళ్ళకే.
రిజెక్టు ప్యాంట్లు, కోతలో మిగిలిన తునకలు,
ఎవరో తొడిగి తొడిగి మోకాళ్ళు తెల్లబడినవి.
మూడు గోతాలు కుమ్మరించుకొని కూర్చున్నా.

ఫోటోను కిటికీ అద్దానికి ఆనించి
నలుపు యాడుందో, తెలుపు యాడుందో గీసుకున్నా.
అప్పుడు మనిషి కనపడలేదు,
ఎండిన చెరువులో అక్కడక్కడా మిగిలిన
మడుగులు కనపడినాయి.

నుదుటికి మోకాలి తెలుపు.
చెంపకు తొడకాడి పాలిపోయిన నీలం.
కంటిగుంటకు ఏ ముక్కా కుదరలేదు.
చివరికి ఒక పాత ప్యాంటు వెనక జేబు కుట్లు విప్పితే
దాని కింద
ఎండ తగలని, సబ్బురాయి ఎరగని
కొన్ననాటి నీలం
జేబు ఆకారంలోనే దాక్కోనుంది.
దాన్నే కోసి కన్ను పెట్టినా.

మిషన్ పాదం ఊడదీసినా. పళ్ళు కిందికి దించినా.
ఇన్నేండ్లూ బట్టను తిన్నగా లాక్కుపోయిన పళ్ళవి:
సైడు కుట్టు, కాలి మడత, నడుం పట్టీ,
పీసుకింత.
ఇప్పుడు లాగేవాళ్ళు లేరు.
సూది ఉన్నచోటే ఉండి దంచుతుంటే
పెన్సిలు కింద కాగితమే కదలాల.
మొదట్లో చెయ్యి బెదిరింది,
గడ్డం కాస్తా గుమ్మడికాయ అయింది.
విప్పి, మళ్ళీ.
మడత మందమైన కాడ పదహారో నంబరు సూది
ఠప్పున ఇరిగింది.
మొన యాడ పడిందో దొరకలేదు.

మరి లేని సగం?
టీ టైములో ఎదురుగా కూర్చోబెట్టుకున్నా.
"కదలొద్దక్కా."
"కదలకుండా నేనెప్పుడు కూర్చున్నానే" అంటూ కదిలింది.
అట్లా
ఒక కన్ను పదకొండేండ్ల కిందటిది,
ఇంకో కన్ను మొన్న బుధవారానిది.
రెండింటి మధ్య, ముక్కు మీదుగా,
జీన్సుకు కుట్టే పచ్చదారం జోడు వరస.

అయిపోయినాక గోడకానించి చూపించినా.
శానాసేపు చూసింది.
బొటనవేలితో చెంప తడిమింది,
అంచున పోగొకటి బయటికుంటే అలవాటుగా పీకేసింది.
"ముసిల్దాన్నీ పడుసుదాన్నీ ఒకేసారి చేసినావు కదే."
రోంతసేపు ఆగి,
"పొరక యాడ?"

కావాలనే తీసేసినా.
కొంగు సర్దుకుంటున్నట్టు కుట్టినా ఆ చేతిని.
అది మర్యాద అనుకున్నా.
ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది,
ఎందుకంటే అప్పటికే ఆమె
కొంగు ముడి విప్పి, కాగితం పొట్లం విప్పి
ఇరిగిన సూది మొన నా అరచేతిలో పెట్టింది.
"దేంతో దొరికిందనుకున్నావు?"

ఆ రాత్రి ఒక ముక్క తీసుకొని
నీలం పోగులన్నీ ఒక్కొక్కటే లాగేసినా.
తెల్లపోగులు మిగిలినాయి, కుచ్చుగా.
కట్టగట్టి ఆమె పిడికిట్లో
పిడి దగ్గర మాత్రం కుట్టినా,
కొసలు వదిలేసినా.

కరెంటు ఉన్నంతసేపూ ఫ్యాను గాలికి
గోడ మీది పొరక కదుల్తాంటుంది.
కరెంటు పోయి మిషన్లన్నీ ఆగినాక
కింద
మారెక్క మొదలుపెడుతుంది.